వదిన ఇంజను సరిచేసిన విధంబు, నేను కుళ్ళుకొన్న విధంబు

అమ్మకి,

నీ చిన్నకొడుకు, పట్టభద్రుడు, ప్రస్తుతానికి ఇంట్లోనే ఉద్యోగం వెలగబెడుతున్నవాడు, సాష్టాంగపడి చేసుకునే విన్నపం. ఇక్కడ నాన్న కులాసా. అన్నయ్య నిద్రలో కులాసా. కారు మా అందరికన్నా కులాసా. వదిన సంగతి కిందకి వస్తుంది, తొందరపడకు. ఆ గనుల ఆసుపత్రిలో నువ్వూ కులాసాగా ఉన్నావనీ, ఫోను సిగ్నలు అందడం కోసం నీళ్ళట్యాంకు ఎక్కడం మానేశావనీ తలుస్తాను. నర్సువి నువ్వే కాలు విరగ్గొట్టుకుంటే కట్టు ఎవరు కడతారు? ఉత్తరాలే మేలు.

షెడ్డు పైకప్పు బాగుచేయించారా అని అడిగావు. సగం చేయించారు. కారున్న సగం. మిగతా సగంలో నా మంచం ఉంది. ఈ ఇంట్లో ఎవరి విలువెంతో నీకు విడమరిచి చెప్పక్కర్లేదు.

నాన్న ఆ పాత కారుకి ఏం చేస్తున్నాడో నీకు అర్థమయ్యేలా రాయమన్నావు. విను. ఇంజనుకి బెల్టుతో తిరిగే ఒక బ్లోయరు తగిలించాడు. దాన్ని సూపర్‌చార్జరు అంటారు. మీరు రోగికి ఆక్సిజన్ పెట్టినట్టు అది ఇంజనులోకి గాలి కుక్కుతుంది. గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి. లేకపోతే లోపల మంట మితిమీరి పిస్టన్లు కరిగిపోతాయి. కానీ కారులో ఉన్నది ఫ్యాక్టరీలో పెట్టిన పాత కంప్యూటరు. బ్లోయరు అనేదొకటి వచ్చిందని దానికి ఎవరూ చెప్పలేదు. అది పాత కొలత ప్రకారమే పెట్రోలు పోస్తుంది. "కొత్త కంప్యూటరు పెడదాం నాన్నా" అంటే, "కంపెనీవాడు పెట్టింది వాడి ఇష్టం. దాన్ని ముట్టుకోను. దాని పక్కనుంచి పోదాం" అన్నాడు. నీతో కాపురం చేసిన పద్ధతే అనుకుంటాను.

అలా పక్కనుంచి పోవడానికి పెట్రోలు పైపు మీద ఒక రెగ్యులేటరు పెట్టారు. బ్లోయరు గాలి ఒత్తిడిని ఒక సన్నటి రబ్బరు గొట్టం దానికి చేరవేస్తుంది. గాలి పెరిగినకొద్దీ అది పెట్రోలుని ఇంకా గట్టిగా తోస్తుంది. ఎంత గట్టిగా అన్నది దాని నెత్తిమీదున్న స్క్రూతో సరిచెయ్యాలి. కొంచెం తిప్పడం, నడిపి చూడడం, పెట్రోలు ఒత్తిడి చూపించే మీటరు ముల్లు చూసి మళ్ళీ తిప్పడం. ట్యూనింగంటే అంతే.

ఇప్పుడు అసలు బాధ. ఆ స్క్రూ తిప్పింది ఎవరు? నాలుగేళ్ళు మెకానికల్ చదివిన నేనా? నాకు ఊహ తెలిసినప్పటినుంచీ నాన్న నా చేతిలో పెట్టింది టార్చిలైటే. "ఒరేయ్, కదపకు." ఇదొక్కటే ఆయన నాకు నేర్పిన ఇంజనీరింగు. వదిన ఒకరోజు టీ తెచ్చి, గ్లాసు పట్టుకుని అలా నిలబడి, "మామయ్యా, ఒత్తిడి ఆలస్యంగా లేస్తున్నట్టుంది, చూశారా?" అంది. పెళ్ళికి ముందు డీజిల్ పంపులు సరిచేసే షాపులో పనిచేసింది కదా. నాన్న ముల్లు చూశాడు, కోడల్ని చూశాడు. మర్నాటినుంచి స్పానరు ఆవిడ చేతిలో, టీ గ్లాసులు నా చేతిలో.

"అమ్మాయ్, నీది చెయ్యి కాదు, త్రాసు" అంటాడు. తన స్టూలు కూడా ఇచ్చేశాడమ్మా! నేను దానిమీద కూర్చుంటే తేలు కుట్టినట్టు లేపేవాడు, గుర్తుందా? అసూయ అనేది పెద్దమనుషుల మాట. నాది పచ్చి కుళ్ళు. వాళ్ళిద్దరూ బానెట్ కింద తలలు దూర్చి నవ్వుకుంటుంటే నా అన్నం నాకు అరగలేదు.

ఫోన్లో వదిన గొంతు నీరసంగా ఉంది, నువ్వేమన్నా అన్నావా అని అడిగావు. నేనేమీ అనలేదు. అనడం నా పద్ధతి కాదు. చేశాను.

పెద్ద రోడ్డు మీద పరీక్ష చేద్దామనుకున్న పొద్దున్న, వాళ్ళిద్దరూ చేతులు కడుక్కోడానికి లోపలికెళ్ళారు. ఆ సన్న గొట్టాన్ని రెగ్యులేటరు దగ్గర ఊడబీకాను. నా పథకం ఏమిటంటే, స్టార్ట్ చెయ్యగానే ఇంజను దగ్గుతుంది, వదిన తెల్లమొహం వేస్తుంది, నేను గొంతు సవరించుకుని "ఏదీ, నన్ను చూడనివ్వండి" అంటాను.

ఇంజను దగ్గలేదు. బ్లోయరు ఈలలో గొట్టం బుస కూడా వినబడలేదు. నెమ్మదిగా నడిచేటప్పుడు ఆ పాత కంప్యూటరు పొగని వాసన చూసి తేడా వస్తే తనే సర్దేస్తుంది. నేను చేసిన వెధవపనినీ సర్దేసింది. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడే వాసన చూడడం మానేసి పాత కొలత పోస్తుంది. అప్పుడు ముల్లు చూసి కాలు తీసేలోపే పిస్టను పోవచ్చు. ఇదంతా నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. గుర్తొచ్చింది మాత్రం కారు సందు మలుపు తిరిగాక. వదిన ఫోను స్టూలు మీదే ఉంది. నాన్న ఫోను ఎప్పుడూ తీసుకెళ్ళడు. ఆ ఇంజను పోతే రెండోది ఎక్కడా దొరకదు.

అన్నయ్య స్కూటరు మీద పడ్డాను. ఇంజను వేడెక్కేదాకా వదిన పెడల్ గట్టిగా తొక్కదు. ఆ అలవాటే కాపాడింది. గోదాముల వెనక పెద్ద రోడ్డు మొదట్లో నిలబెట్టి, టెంపరేచర్ ముల్లు చూస్తోంది. కారుకి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను.

"ఏమైందిరా?" అన్నాడు నాన్న.

అక్కడ చెప్పాలి. నోరు తెరిచాను. "గొట్టం ఊడిపోయినట్టుంది నాన్నా. మీరు బానెట్ మూసేటప్పుడు కంటపడింది, ఇప్పుడు తట్టింది" అని వచ్చింది.

బానెట్ ఎత్తారు. గొట్టం వేలాడుతోంది. వదిన మొహంలో నెత్తురు లేదు. "పెట్టాను మామయ్యా... పెట్టాననే అనుకున్నాను." నాన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. "నీ కన్ను ఇంజను నిలబెట్టిందిరా!" ఆ మాట కోసం నేను ఎన్నేళ్ళు టార్చి పట్టానో నీకు తెలుసు. సగం దారిదాకా తియ్యగానే ఉంది. తర్వాత చేదెక్కింది.

అప్పట్నుంచీ వదిన షెడ్డులోకి రాదు. "పంపుల షాపులో ఒక్క బోల్టు మర్చిపోలేదు, నాకేదో అవుతోంది" అని అన్నయ్యతో అంటుంటే విన్నాను. వాళ్ళమ్మకి మతిమరుపు ఎలా మొదలైందో నీకు తెలుసు కదా. గ్యాసు కట్టేసి, గదిలోకెళ్ళి, మళ్ళీ వచ్చి చూస్తోంది. నాన్న పిలిస్తే, "నా చేతిని నమ్మకండి మామయ్యా, మరిది చూసుకుంటాడు" అంటోంది. చూసుకుంటున్నాను. ముల్లు నా మాట వినడం లేదు. ఇప్పుడు స్క్రూ నా చేతిలో, టార్చి నాన్న చేతిలో. కానీ ఆయన చూపు వంటింటి గుమ్మం మీద. ఆ మనిషి షెడ్డులో లేకపోయినా నాకు కుళ్ళు తగ్గలేదమ్మా, ఏం జబ్బో ఇది.

రెండుసార్లు చెప్పబోయాను. "వదినా" అన్నాక మంచినీళ్ళు అడిగి తాగి వచ్చేశాను. అందుకని ఈ కవరు అంటించకుండా, పోస్టు చెయ్యమని ఆవిడ చేతికే ఇస్తున్నాను. "ఒకసారి చదువు వదినా, తప్పులుంటే దిద్దు" అంటాను. ఇది నీకు చేరిందంటే, చదివి కూడా పంపిందని అర్థం.

ఇట్లు,
నీ కడగొట్టు కొడుకు

అత్తయ్యా, నమస్కారం. చదివాను. చాలా కోపం వచ్చింది. కానీ దానికంటే ముందు ఏడుపొచ్చింది, గొట్టం నేను మర్చిపోలేదని. ఆయన్ని లేపి చెప్పాను. "నువ్వు మర్చిపోయే మనిషివి కాదని నేను ముందే చెప్పలేదూ" అని మళ్ళీ పడుకున్నారు. మామయ్యకి ఇంకా తెలీదు. మీరూ చెప్పకండి. రేపు పొద్దున్న పెద్ద రోడ్డు మీద నేనే నడుపుతాను. మామయ్య పక్కన, మీ చిన్నబ్బాయి వెనక. తన నోటితో మామయ్యకి చెప్పేదాకా బండి ఆపనని మీ వాడికి ఇప్పుడే చెప్పాను. ట్యాంకు నిండా పెట్రోలుంది.

మీ కోడలు