లైసెన్సు అక్కర్లేదని రాసిచ్చిన ఇల్లు

మార్చి 2, గురువారం

లోర్నా సెమీఫైనల్ గెలిచింది! నా కూతురు! నలభై ఒక్కేళ్ల మనిషి, పొద్దున్నే ఐదింటికి డాన్‌కాస్టర్ డిపోలో బస్సు తీసే మనిషి, వచ్చే వారం శనివారం డార్ట్స్ ఫైనల్ ఆడుతుంది, గోడమీది బోర్డుకి చిన్న బాణాలు విసిరే ఆట. టీవీలో. లైవ్! ఫోన్లో అది ఆ మాట చెప్పగానే నేను అరిచిన అరుపుకి పక్కింటి పౌలీన్ ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది.

క్లిఫ్ మాత్రం "మంచిదే" అని టీ పెట్టుకోవడానికి వెళ్లాడు. కన్నతండ్రి!

సాయంత్రం 5

ఇప్పుడు గుర్తొచ్చింది. మాకు టీవీ లైసెన్సు లేదు. ఏటా డబ్బు కట్టి అది తీసుకోకుండా ఇంట్లో లైవ్ ప్రసారం చూస్తే ఈ దేశంలో నేరం.

మార్చి 3, శుక్రవారం

ఆరేళ్ల క్రితం లైసెన్సు ఆఫీసుకి మా ఆయనే రాసిచ్చాడు, ఈ ఇంట్లో ఎవరూ ప్రసారాలు చూడరు, లైసెన్సు అక్కర్లేదు అని. అబద్ధమేమీ కాదు. మా టీవీలో పాత కౌబాయ్ సినిమాల డిస్కులు తప్ప ఏమీ ఆడవు. ప్రసారాలు పట్టే ఏరియల్ వైరు పీకి మెట్ల కింద పడేశాడు.

భోజనాల దగ్గర మొదలుపెట్టాను. "ఫోన్లో చూద్దాం క్లిఫ్. ఫోను టీవీ కాదుగా."

"చూడనని సంతకం పెట్టాను. దొంగచాటుగా చూడటం నావల్ల కాదు."

"అయితే లైసెన్సే కొందాం."

"ఒక్క మధ్యాహ్నం కోసం ఏడాది డబ్బులా? మర్నాడు ఇంటర్నెట్లో పెడతారు, ఊరికే చూడొచ్చు."

ఎవరు గెలిచారో తెలిశాక చూసేదేముంది, చల్లారిపోయిన ఫిష్ అండ్ చిప్స్ తిన్నట్టు! ఆ మాటే అన్నాను. ప్లేటు తీసుకుని సింకు దగ్గరకు పోయాడు.

మార్చి 4, శనివారం

వీధంతా లాయర్లే. చిప్స్ కొట్టాయన ఫోనుకి లెక్కలేదంటాడు. వాళ్లావిడేమో ఛార్జరు పెడితేనే లెక్కట. పౌలీన్ వాళ్లింటికి రమ్మంది, వాళ్లకు లైసెన్సుంది, ఏ గొడవా లేదు. మంచి మనసే. కానీ నా కూతురి ఫైనల్ ఇంకొకరి సోఫాలో, వాళ్ల కుక్క పక్కన కూర్చుని చూడనా? క్లిఫ్ లేకుండా?

మార్చి 6, సోమవారం

లైసెన్సు ఆఫీసుకి ఫోన్ చేసేశాను! చిన్నపిల్ల గొంతు. లైవ్‌గా వచ్చేదైతే ఏ చానలైనా, టీవీ అయినా ఫోనైనా, లైసెన్సు కావాల్సిందేనంది. ఏం చూడాలనుకుంటున్నారమ్మా అని అడిగింది. చెప్పాను. అవతల కుర్చీ కిర్రుమంది. "మీ అమ్మాయా? నిజంగా? మా నాయనమ్మ కూడా పబ్బులో ఆడుతుంది! ఆమెకు చెప్పాలి ఉండండి!" అంది.

అక్కడికక్కడే కార్డు నంబరు చెప్పి కట్టేశాను. స్కూలు ఎగ్గొట్టిన పిల్లలా కార్డు గబగబా పర్సులో దాచేశాను. క్లిఫ్‌కి చెప్పలేదు.

మార్చి 8, బుధవారం

చెప్పాను.

"నన్నడక్కుండానా?" అన్నాడు. తర్వాత బంగాళాదుంపల చెక్కు తీశాడు. ఇద్దరం మనుషులం, పద్నాలుగు దుంపలు తీశాడు. పదిహేనోది పట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు.

తొంభై ఎనిమిదిలో తను ఆడిన క్లబ్బు డార్ట్స్ ఫైనల్. ఆఖరి డార్ట్ వేళ్ల మధ్యలోంచి బయటికి రాలేదట. చెయ్యి ముందుకెళ్తుంది, వేళ్లు విడవవు. మళ్లీ, మళ్లీ. ఎవరో నవ్వారు. ఆ రోజు నుంచి క్లబ్బు గుమ్మం తొక్కలేదు. నాకు మాత్రం ఆట విసుగొచ్చిందని చెప్పాడు. పాతికేళ్లు అదే నమ్మాను.

"దాని చెయ్యి కూడా అలా ఆగిపోతే నేను చూడలేనే, నోరీన్."

"అయితే ఇదంతా లైసెన్సు గురించి కాదన్నమాట."

సగం చెక్కిన దుంప గిన్నెలో పడేశాడు. "లైసెన్సు గురించి కూడా."

మార్చి 11, శనివారం, మధ్యాహ్నం 1:40

ఏరియల్ వైరు మళ్లీ టీవీకి పెట్టాను. బొమ్మ వచ్చింది! క్లిఫ్ పెరట్లో ఉన్నాడు. కిటికీ తెరిచి స్కోరు అరవమన్నాడు.

సాయంత్రం 6

ఉన్నదున్నట్టు రాస్తాను.

ముందు ఐదు ఆటలు గెలిచినవాళ్లదే కప్పు. ఒకటి–సున్నా అని అరిచాను. రెండు–రెండు. మూడు–నాలుగు. నాలుగు–నాలుగు అనేసరికి గొంతు పోయింది. ఇక ఏమీ వినబడక క్లిఫ్ బురద బూట్లతోనే లోపలికొచ్చి నా వెనక నిలబడ్డాడు.

లోర్నాకి ఒక్క డార్ట్ మిగిలింది. బోర్డు అంచున డబుల్ పదహారు అనే ఆ సన్నటి గడిలో పడితే చాలు, కప్పు దానిదే. చెయ్యెత్తింది. ఆగింది. దించింది. మళ్లీ ఎత్తింది. ఆగింది. సోఫా అంచు పట్టుకున్న క్లిఫ్ వేళ్లు తెల్లబడిపోయాయి. "వదులు తల్లీ," అంటున్నాడు, గుసగుసగా. "తగలకపోయినా ఫరవాలేదు. వదిలెయ్."

వదిలింది.

బోర్డు మీది గడుల మధ్య తీగకి తగిలి కింద పడింది. తర్వాతి వంతులో అవతలావిడ ముగించేసింది. ఓడిపోయాం.

నేను ఏడుపు మొదలెట్టేలోపే క్లిఫ్ నా భుజాలు పట్టుకుని ఊపేస్తున్నాడు. "వదిలింది! చూశావా? వదిలిందే!" బురద బూట్లతో కార్పెట్ మీద గెంతుతున్నాడు, డెబ్భై రెండేళ్ల మనిషి. కుక్కని తిప్పి అప్పుడే వచ్చిన పౌలీన్, మా గోలకి గెలిచారనుకుని గోడ అవతల చప్పట్లు కొట్టింది. మేం కాదనలేదు.

మార్చి 14, మంగళవారం, మధ్యాహ్నం 3

లోర్నా ఫోన్ చేసింది. నాన్న ఉన్నాడా అంది. లేడు, క్లబ్బుకి వెళ్లాడన్నాను. ఆ పాత క్లబ్బుకేనా అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అవునన్నాను.