ఓడ దిగి వచ్చాను

అక్కకు,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ వేళకు తింటున్నాను, పడుకుంటున్నాను. నువ్వూ, బావా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. బావ నడుంనొప్పి తగ్గిందా? బరువులు ఎత్తొద్దని ఆయనకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే, తెలుసు. చిన్నదానికి లెక్కలు రావడం లేదని రాశావు. దాని మేనమామకూ రాలేదు. తిట్టకు.

ఓడ ఎప్పుడు బయల్దేరుతుందని అడిగావు. వెళ్లిపోయిందక్కా, నేను లేకుండానే. మాత్రలు వేసుకుంటున్నావా అని కూడా అడిగావు. ఇంతవరకూ నీకు రాయలేకపోయింది ఆ సంగతే.

వైద్యపరీక్షలో డాక్టరుగారు చేతులు చాచమన్నారు. వేళ్లు వణికాయి. ఏం మందులు వాడుతున్నావంటే దాచలేదు. మనసు ఉరకలెత్తకుండా, కుంగిపోకుండా పట్టి ఉంచే మాత్రలని చెప్పాను.

"జబ్బుందని కాదయ్యా నేను వద్దంటున్నది. ఇంజన్ గది వేడికి చెమటపట్టి ఒంట్లో నీరు తగ్గితే ఈ మందే విషమవుతుంది. నడిసముద్రంలో రక్తపరీక్ష ఎవరు చేస్తారు? ఒడ్డున ఏదైనా పని చూసుకో" అన్నారు.

"ఒడ్డున నాకేం పని వచ్చండీ?" అన్నాను. ఆయన పనికిరాడని కాగితం మీద రాసేశారు.

బయట, ఓడ ఉద్యోగం ఇప్పించే ఏజెంటు ఉన్నాడు. "ఇంకో డాక్టరున్నాడులే, చేతులవీ చూడడు. కొన్నాళ్లు మాత్రలు ఆపెయ్, వణుకు దానంతటదే పోతుంది" అన్నాడు.

ఆపేశాను. వణుకు పోయింది. పనికొస్తానని కాగితం చేతికొచ్చింది. ఓడెక్కాను.

ఓడ ఇంకా రేవులో ఉండగానే నిద్ర దూరమైంది. అక్కర్లేదనే అనిపించింది. ఇంజన్ గదిలో ఒక్కో బేరింగు చప్పుడూ విడివిడిగా వినిపించేది. ఇంత బాగా పనిచేయడం నాకెన్నడూ చేతకాలేదనుకున్నాను. నీ పెళ్లయిన కొత్తలో నేను బావ వాళ్ల నీళ్ల పంపు విప్పి, మరలన్నీ మంచం మీద పరిచి, దీన్నే కొత్తగా తయారుచేస్తానని కూర్చోలేదూ? అదే హుషారు. ఆనవాలు పట్టవలసింది నేను. పట్టలేదు.

నాతోపాటు ఇంజన్లకు నూనె పోసే ఆయిల్‌మ్యాన్‌ను అందరం మీసాలాయన అంటాం. ఓడ ఇంకా రేవు వదలకముందే ఒకరోజు జనరేటరు నూనె ఫిల్టరు విప్పాల్సి వచ్చింది.

"ముందు వాల్వు కట్టెయ్యి. చల్లారనీ" అన్నాడు.

"నాకు తెలుసులే" అంటూ మూత బోల్టులు విప్పేశాను. కాగే నూనె చిమ్మింది. ఎదురుగా ఆయన ఉన్నాడు. మెడ, భుజం, ఒక చెవి కాలిపోయాయి. ఇంజన్ల మోతలో ఆయన అరుపు సగమే వినిపించింది.

స్ట్రెచర్ మీద పైకి మోస్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు నిద్రపోయి ఎన్నాళ్లయింది?" అన్నాడు. అదొక్కటే అడిగాడు.

చీఫ్ ఇంజనీరు ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాను. "ముందే చెప్పుంటే నీ ఉద్యోగం పోయేది. అంతే కదా" అన్నాడు.

మీసాలాయనను తెచ్చిన ఈ రేవు ఆసుపత్రిలోనే నన్నూ చేర్చారు. మాత్రలు మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడు నర్సు ఎదుటే మింగుతున్నాను. ఇక ఏ ఓడా నన్ను ఎక్కించుకోదు. మీసాలాయన మెడ తిప్పలేడు, నీళ్ల గ్లాసు నేనే పట్టుకుంటున్నాను. చెయ్యి వణికి సగం నీళ్లు ఆయన గడ్డం మీదే ఒలుకుతున్నాయి. తుడిచేదాకా ఓపిగ్గా ఆగుతాడు.

రేపు ఆయన భార్య వస్తోంది. ఓడలో ప్రమాదం జరిగిందని మాత్రమే ఆమెకు చెప్పారట. "రేపు నువ్వు ఇటు రాకు. నేను సర్దిచెబుతాలే" అన్నాడాయన. వస్తానన్నాను. నా నోటితో నేనే చెబుతాను. ఆమె ఏమన్నా పడతాను.

ఆ తర్వాత ఒక్కణ్ణే రైలెక్కి అంతదూరం రావాలంటే నా మీద నాకే నమ్మకం లేదు. నువ్వొచ్చి తీసుకెళ్లక్కా. బావకు ఏం చెబుతావో నీ ఇష్టం.

ఇట్లు,
నీ కోసం ఎదురుచూసే
తమ్ముడు