రెప్ప మీది పట్టీ

మెట్టుగూడ,
మంగళవారం

సుకన్యక్కా,

ఫోన్లో చెబితే మీ మరిది వింటాడని రాస్తున్నాను. నా కుడికంట్లో క్రిములు చచ్చి నెల దాటింది. నల్లగుడ్డు మీది పుండు మాత్రం మానలేదు. "మందు పని అయిపోయిందమ్మా. ఇగ పైపొర దానంతటదే అల్లుకోవాలె. రెప్ప మూసి ఉంటేనే అల్లుకుంటది. పట్టీ జెర సుత తియ్యకు" అన్నారు డాక్టరమ్మ.

నేను తీశాను అక్కా. రోజూ పొద్దున్నే ఆయన స్నానానికి పోగానే పట్టీ విప్పి, ఎడమకన్ను మూసుకుని, పూసల సూదిలో దారం ఎక్కుతుందేమోనని చూసి, మళ్లీ అతికించేదాన్ని. ఇరవై ఏళ్లుగా జాకెట్ల మీద పూసలు కుట్టి బతికినదాన్ని, ఎట్లా ఆగను?

నిన్న డాక్టరమ్మ చూసి, తెల్లమచ్చ పడిపోయింది, ఇక చూపు రావడం కష్టమన్నారు. మీ మరిది అక్కడే అరిచాడు. "తప్పు మందిచ్చి కన్ను తీసిండ్రు. వచ్చే సోమారం నలుగురిని తీస్కపోయి అడుగుత" అంటున్నాడు.

ఆమె తప్పేమీ లేదని నువ్వే ఆయనకు చెప్పు. నా నోట రావడం లేదు.

ఈ పొద్దున కూడా విప్పాను. దారం సంగతి వదిలెయ్, సూదే కనబడలేదు.

నీ చెల్లె