అక్వేరియం ఎక్కడికీ పోదు

శ్రీవారికి,

మీ ఆవిడ రాస్తున్నది. ఇక్కడ నేనూ, నా కుట్టు మిషనూ, మీ చేపలూ అందరం క్షేమం. అక్కడ మీరూ, మీరు నడిపే క్రేనూ, మీరంతా కలిసి కడుతున్న ఆ వంతెనా క్షేమమని తలుస్తాను. చేపలు క్షేమం అన్న మాట ఇంకోసారి చదువుకోండి. ఎందుకంటున్నానో మీకే తెలుసు.

ముందు మీరడిగినవాటికి జవాబులు చెప్పేస్తాను, లేకపోతే అసలు సంగతిలో పడి మరిచిపోతాను. మోకాలి నొప్పి తగ్గింది. వంటగది కిటికీ రెక్కని వడ్రంగి వచ్చి బిగించాడు, ఎంత బాగా బిగించాడంటే ఇప్పుడు మూస్తే తెరుచుకోవట్లేదు, మళ్ళీ రమ్మన్నాను. స్కూలు యూనిఫారాల ఆర్డరు అయిపోయింది. ఇంకో నెల దాకా కాలరు అన్న మాట నా దగ్గర ఎత్తకండి. మీ నీలం స్వెట్టరు అలమరాలో లేదు, మీరే పట్టుకెళ్ళారు, పెట్టె అడుగున వెతకండి.

ఇక మీ ఉత్తరంలో చివరి పేరా. "అక్వేరియంలో హీటరు చప్పుడు చేస్తోందట. నీకెలాగూ వినపడదు. అది పగిలి నీళ్ళలోకి కరెంటు వచ్చినా నీకు తెలీదు. చేపల షాపాయనకి చెప్పాను, ఆదివారం వచ్చి అక్వేరియం పట్టుకెళ్తాడు, ఇచ్చెయ్యి." అబ్బ, ఎంత తేలిగ్గా రాసేశారండీ! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కోపంలో ఒక చొక్కాకి కాజాలన్నీ గుండీల వైపే కుట్టేశాను, తర్వాత కూర్చుని విప్పుకున్నాను.

ఈ వార్త మీకు చేరేసింది పై ఇంటి నర్సమ్మేనని తెలుసు. మీరు ఫోన్ చేసినప్పుడల్లా ఆవిడే కదా కిందికి దిగొచ్చి, రిసీవరు తన చెవిన పెట్టుకుని, మీరన్నది నాకు సగం కేకలతో సగం సైగలతో చెప్పేది! ఆవిణ్ణి నిలదీశాను. "అక్కా, కోప్పడకు. నీ హీటరు ఒకటే టకటకలాడుతోంది. నువ్వు ఒక్కదానివే ఉంటావు కదా, భయమేసి చెప్పాను" అంది. పాపం ఆవిడ మంచికే చెప్పింది, ఆవిణ్ణి ఏమంటాను?

కానీ నాకు ఆ చేపలు కావాలండీ. మీరు వెళ్ళిన కొత్తలో వాటికి మేత వెయ్యడం కూడా నాకు విసుగే. ఇప్పుడు పొద్దున్నే లేచి ముందు వాటి మొహాలే చూస్తున్నాను. ఆ చారల చేప ఉంది చూశారూ, మీరు మేనేజరుగారు అని పిలిచేది, నేను దీపం వెయ్యగానే అద్దం దగ్గరికొచ్చి నోరు తెరుస్తుంది, మూస్తుంది. నాకు మనుషులందరూ కనిపించేదీ అలాగే కదా! ఈ చలిలో షాపులో ఏ మూల తొట్టిలోనో పడేస్తే అవి ఏమైపోతాయి? అన్నిటికీ మించి, చెవులు సరిగ్గా లేవని నా ఇంట్లోంచి ఒక వస్తువు పట్టుకుపోతామంటే నేనెలా ఊరుకుంటాను? ఆదివారం లోపల ఆ చప్పుడు సంగతి తేల్చేద్దామని కొంగు బిగించాను.

ముందు వేళ్ళతో మొదలుపెట్టాను. నా కుట్టు మిషన్లో సూది మొద్దుబారినా, దారం బిగుసుకున్నా నాకు చేతికే తెలుస్తుంది, ఇదెందుకు తెలీదు అనుకున్నాను. అద్దం మీద అరచెయ్యి ఆనించి నెమ్మదిగా జరుపుకుంటూ పోయాను. వెనక మూల, హీటరు ఉన్నచోట, వేళ్ళకి సన్నగా తగిలింది. చెక్క గరిటె పిడి అద్దానికి ఆనించి రెండో కొస పళ్ళతో పట్టుకున్నాను. నవ్వకండి! పళ్ళలో టకటక బాగా తెలిసింది. అప్పుడే నర్సమ్మ లోపలికొచ్చి, నేను గరిటె కరుచుకుని అక్వేరియం ముందు వంగి ఉండడం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

చూస్తే ఏముంది, హీటరు గాజు గొట్టాన్ని అద్దానికి పట్టి ఉంచే రబ్బరు కప్పులు రెండింటిలో కిందిది గట్టిపడి ఊడిపోయింది. గాలి పంపు నుంచి బుడగలు వస్తుంటే ఆ గొట్టం ఊగి అద్దాన్ని కొట్టుకుంటోంది. ప్లగ్గు పీకాను. వెంటనే పైకి తియ్యలేదు, వేడి మీదున్న గాజుకి చల్లగాలి తగిలితే పగులుతుందని మీరు చెప్పింది గుర్తుంది. చల్లారాక తీసి, ఆ రబ్బరుని గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, అద్దానికి పట్టిన పాచి తుడిచి, మళ్ళీ నొక్కి పెట్టాను. అతుక్కుంది! వేలు పెడితే చడీచప్పుడూ లేదు. నేను గెలిచాననుకుని నర్సమ్మకి టీ కూడా పెట్టాను.

ఆవిడ టీ తాగుతూ తల అడ్డంగా ఊపింది. టకటక పోయిందట. చిటపట మాత్రం ఇంకా ఉందట. మళ్ళీ వేళ్ళు పెట్టాను, గరిటె పెట్టాను, ఊహూఁ. ఆ చిటపట నా వేలికీ అందలేదు, పంటికీ అందలేదు. షాపాయన వచ్చే రోజు దగ్గరకొచ్చేసింది. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

ఇక్కడి దాకా వచ్చాక మీ దగ్గర దాచి లాభం లేదు. మీరు కొనిచ్చిన చెవి మిషను పెట్టుకున్నానండీ.

అవును, అదే. పాడైపోయిందని నేను మీతో చెప్పింది. అది పాడవలేదు. గుండీల డబ్బాలో అడుగున పెట్టేశాను. కొత్త బ్యాటరీ వేసి, అద్దం ముందు నిలబడి చెవిలో పెట్టుకుని, దాని మీట జరిపానో లేదో, అమ్మో! ఇల్లంతా ఒక్కసారిగా నా మీద పడ్డట్టయింది. ఫ్రిజ్జు గురక. దోమల కోసం వేసిన ఫ్యాను కిర్రుకిర్రు. గోడ గడియారం ఇంత గట్టిగా కొట్టుకుంటుందా? నా చెప్పుల చప్పుడుకి నేనే వెనక్కి తిరిగి ఎవరా అని చూశాను. ఇక నా కుట్టు మిషను సంగతి అడగకండి. చక్రం ఒక్క చుట్టు తిప్పేసరికి కీచుమని ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఆ పక్కింటివాళ్ళు నన్నెలా భరించారో! వెంటనే నూనె వేశాను.

ఈ గోలలో హీటరుదేదో ఎలా తెలుస్తుంది? ఒక్కొక్కటీ ఆపుకుంటూ వచ్చాను. ఫ్యాను ఆపాను, ఫ్రిజ్జు ఆపాను, గడియారం తీసుకెళ్ళి దుప్పట్ల మధ్య పెట్టాను, ఆఖరికి పంపు కూడా కాసేపు ఆపాను. అన్నీ ఆపి, ఊపిరి బిగబట్టి, చెవిని అద్దానికి ఆనించాను. కుయ్య్‌మని ఒక్క కూత! హీటరు పేలిపోయిందనుకుని ఒక్క గెంతు గెంతి ప్లగ్గు లాగేశాను. ప్లగ్గు చేతిలో ఉంది, చెవిని మళ్ళీ దగ్గర పెడితే కూత వస్తూనే ఉంది. కేక వేస్తే నర్సమ్మ పరుగున వచ్చింది. చూసింది, నా చెవి చూసింది, సోఫాలో కూలబడి నవ్వింది. "అక్కా, దేనికైనా మరీ దగ్గరగా ఆనిస్తే నీ చెవి మిషనే అలా కూస్తుంది. పాపం హీటరేం చేసింది?" అంది. అలా నవ్వుతుంటే ఆవిడకి వెక్కిళ్ళొచ్చాయి. ఆ వెక్కిళ్ళు కూడా నాకు వినపడ్డాయండీ!

తర్వాత కాస్త ఎడంగా కూర్చుని విన్నాను. ప్లగ్గు పెట్టాను. హీటరు మీద ఎర్రలైటు వెలగ్గానే మొదలైంది. స్స్స్, చిట్, చిట్. నీళ్ళు కాగే ముందు గిన్నె అడుగున వస్తుందే, అచ్చం అదే. లైటు ఆరితే అదీ ఆగింది. దొరికిందిరా దొంగ అని నేను పైకే అనేశాను. గొట్టాన్ని బాగా చూస్తే తెల్లటి పొక్కు కట్టి ఉంది. మన నీళ్ళు ఎంత ఉప్పునీళ్ళో మీకు తెలుసు కదా, గిన్నెలకి పట్టినట్టే దానికీ పట్టింది. ఆ పొక్కులో ఇరుక్కున్న నీళ్ళే వేడికి చిటపటలాడుతున్నాయి.

మళ్ళీ ప్లగ్గు పీకి, చల్లారనిచ్చి, పొడుగు గ్లాసులో వెనిగర్ పోసి గొట్టాన్ని నిలబెట్టాను. పొక్కు బుసబుసమని పొంగి కరిగింది, మిగిలింది పాత టూత్ బ్రష్షుతో రుద్దేశాను. గాజు ఎక్కడైనా చిట్లిందా, లోపల చెమ్మేమైనా చేరిందా అని వెలుతురులో పెట్టి తిప్పి తిప్పి చూశాను, ఏమీ లేదు. శుభ్రంగా కడిగి, దాని మీదున్న గీత దాకా అక్వేరియంలో ముంచి, కాసేపాగి ప్లగ్గు పెట్టాను. ఎర్రలైటు వెలిగింది. టిక్ అని ఒక్క చిన్న చప్పుడు, అంతే. మళ్ళీ ఏమీ లేదు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, కొట్టాను కూడా!

ఆ సంబరంలో చేపలకి మేత వేశాను. మేనేజరుగారు పైకొచ్చి నోరు తెరిచారు, "చప్" అన్నారు. ఇంకోటి వచ్చింది, "చప్". ఏమండీ, చేపలు తింటుంటే చప్పుడవుతుందని మీరు నాకెప్పుడూ చెప్పలేదేం? వాటి కోటా దాటిపోయినా ఇంకో రెండు పలుకులు వేశాను, ఆ చప్పుడు కోసం. ఈ ఒక్కసారికి తిట్టకండి.

ఆదివారం షాపాయన బకెట్లతో వచ్చాడు. కూర్చోబెట్టి, విను నాయనా అన్నాను. విన్నాడు, థర్మామీటరు చూశాడు, హీటరు పట్టుకుని కదిపి చూశాడు. "దీనికేమైందక్కా, బ్రహ్మాండంగా ఉంది. మరి సారు తీసుకెళ్ళమన్నారే?" అన్నాడు. సారుతో నేను మాట్లాడుకుంటానులే అని ఖాళీ బకెట్లతోనే పంపించేశాను.

ఇప్పుడు మాట్లాడుతున్నాను. ఆ చెవి మిషను నేనెందుకు తీసేశానో మీకు తెలియాలి. చెవి నొప్పి కాదు, నలుగురూ చూస్తారని సిగ్గూ కాదు. అది పెట్టుకున్న మొదటిరోజు మీరు నన్నేదో అడిగారు, నేను ఫ్యాను గోలలో పడి సరిగ్గా అందుకోక "ఆఁ?" అన్నాను. మీరు మళ్ళీ చెప్పారు, ఓపిగ్గానే చెప్పారు, ఎప్పటిలా నవ్వుతూనే చెప్పారు. కానీ చెప్పే ముందు చిన్నగా నిట్టూర్చారు. అది నాకు వినపడింది. ఇన్నేళ్ళుగా నేను "ఆఁ?" అన్న ప్రతిసారీ ఆ నిట్టూర్పు ఉండేదా అనుకున్నాను. ఆ సాయంత్రమే దాన్ని డబ్బాలో వేసేశాను. మీ మీద కోపంతో కాదండీ. మీ నవ్వుమొహం ఒక్కటే నాకు చాలనుకున్నాను.

చాలదని మొన్న తెలిసింది. నాకు ఫ్రిజ్జు గురక వినపడుతోంది, నర్సమ్మ వెక్కిళ్ళు వినపడుతున్నాయి, చేప నోటి చప్పుడు వినపడుతోంది, నా మొగుడి గొంతు మాత్రం ఎలా ఉంటుందో గుర్తు రావట్లేదు. అందరూ నాతో అరిచే మాట్లాడతారు, మీరూ అంతే. మీ అరుపు తెలుసు నాకు. మీరు మామూలుగా మాట్లాడితే ఆ గొంతు ఎలా ఉంటుందో మరిచిపోయాను.

నర్సమ్మని కిందికి రావద్దని చెప్పేశాను. వచ్చే ఆదివారం ఫోన్ చెయ్యండి, నేనే ఎత్తుతాను. అరవకండి. నేను తప్పకుండా ఒకటి రెండుసార్లు "ఆఁ?" అంటాను. అప్పుడు మీకు నిట్టూర్చాలనిపిస్తే నిట్టూర్చండి, అదీ వింటాను.

ఇట్లు,
మీ ఆవిడ