ప్లగ్గుకి రబ్బరు చొక్కా

కీలుంగ్, ఆదివారం.

అక్కా, వానకి కొట్టుకుపోలేదు, బాగానే ఉన్నాను.

పోయినసారి వచ్చినప్పుడు నా పాత బండి ప్లగ్గు క్యాపు ఊడదీసి, తడి తుడిచి, లోపల గ్రీజు రాసి, పైన పాత ట్యూబు ముక్క బిగించావు చూడు! "బండికి చొక్కా తొడిగావే" అని నవ్వాను. ఆ చొక్కానే నిన్న ఒక పెళ్ళి నిలబెట్టింది.

మా రేవులో పనిచేసే తింగ్‌హావ్ పెళ్ళి. పదకొండులోపు పెళ్ళికొడుకు వెళ్ళి పెళ్ళికూతుర్ని పుట్టింటి గడప దాటించాలని ముహూర్తం. కుండపోత వాన, రోడ్డు మీద కార్లు కదల్లేదు. వాడు కొత్త బండి తీశాడు. బుద్ధిగా నడవాలని, మనవాళ్ళంతా మెషీన్ల మీద పెట్టే ఆ ఆకుపచ్చ చిరుతిళ్ళ పొట్లం కూడా హ్యాండిల్‌కి కట్టాడు. అయినా తడిసి సందు చివర్లోనే ఆగిపోయింది. పాపం, వాడికి ఏడుపొక్కటే తక్కువ.

"నా వెనకెక్కరా పెళ్ళికొడకా, పొట్లం కూడా తే, దారిలో తిందాం" అన్నాను. పాదాలు మునిగే నీళ్ళలో నా ముసలిది ఒక్కసారి కూడా దగ్గలేదక్కా! గుమ్మంలో పెళ్ళికూతురి నాయనమ్మ గడియారం పట్టుకుని నిలబడింది. "ఇంకాస్త ఆలస్యమైతే తలుపేసేదాన్ని" అంది.

ఇప్పుడు రేవంతా నా బండి చుట్టూనే. మీ షెడ్డులో పాత ట్యూబులు పారెయ్యకు, ఒక సంచిడు పంపు. బావ నడుం ఎలా ఉంది? ముల్లంగి ఎండబెట్టావా?

పెళ్ళి తంతులో పెద్దలకి టీ ఇచ్చి దణ్ణం పెట్టేటప్పుడు ఆ జంట ఒక కప్పు నీ పేరున పోశారు. నువ్వు లేవుగా, నేనే లేచి నిలబడి తాగాను.

నీ చేతికి దణ్ణం పెడుతూ,
తమ్ముడు కున్‌లియాంగ్