రంగత్‌లో లాజరు వేషం కట్టినవాడు

జంగ్లీఘాట్, పోర్ట్‌బ్లెయిర్,
జూలై 14, ఆదివారం, ఆరాధన అయ్యాక.

ప్రభువునందు ప్రియమైన మేరమ్మకు నీ భర్త యిర్మియా వందనాలతో రాయునది. దేవుని కృప వల్ల ఇక్కడ నాకు ఒంట్లో బాగానే ఉంది, మన చర్చివాళ్లంతా క్షేమం. భీమిలిలో నువ్వు, మీ అక్క, ఆవిడ మనవలు సుఖంగా ఉన్నారని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ఫోన్లో నా గొంతు వింటే ప్రసంగం విన్నట్టే ఉంటుందనీ, కాగితం మీదైతే కాస్త మెల్లగా మాట్లాడతాననీ రాశావు. నిజమే. ప్రవక్త పేరు పెట్టిన రోజే మా నాన్న నా ఎముకల్లో అగ్ని మూసిపెట్టాడు. దాన్ని ఓర్చుకోవడం ఆ ప్రవక్తకే చేతకాలేదు, నాకేం చేతనవుతుంది? అయినా ఇవాళ మెల్లగానే రాస్తాను.

బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. వంటగది మీద రేకు కారడం ఆగింది. మన వీధి చివర బోర్డులు రాసే లక్ష్ముడు ఎక్కి సరిచేశాడు. కూలి ఇస్తానంటే, “ఒద్దు బాబాయ్, నీ చేతి కూర మాత్రం పెట్టకు, అదే పదివేలు” అన్నాడు. చర్చిలో పాట ఎవరు ఎత్తుతున్నారని అడిగావు. తాతమ్మే ఎత్తుతోంది. రెండో చరణానికి వచ్చేసరికి ఆవిడ అందుకున్న శ్రుతి మాలో ఎవరికీ అందదు. ఆవిడ ఒక్కతే పరలోకం దాకా వెళ్లి తిరిగి వస్తుంది, మేం కింద నిలబడి చూస్తాం.

నాటకాలు సాతాను గుడారాలని పదేళ్లు అరిచిన మనిషి ఇప్పుడు కళా సమితికి కార్యదర్శి ఎలా అయ్యాడని ఎత్తిపొడిచావు. దానికి జవాబు ఉంది. ఈ ఉత్తరంలోనే రాస్తాను, కానీ ఇప్పుడే కాదు.

రెండో ప్రశ్న స్టీవెన్ కూడిక గురించి. మన బిడ్డ సముద్రం మీదికి వెళ్లి రెండేళ్లు నిండాయి. చిడియా టాపు అవతల డోంగీ పడవ బోర్లా పడి దొరికింది, వాడు దొరకలేదు. బెన్‌హర్ పాస్టరు గారు జ్ఞాపకార్థ కూడికకు తేదీ అడుగుతూనే ఉన్నారు. వాడు చనిపోయాడని నలుగురి ముందు ప్రార్థన చేసిన రోజు నుంచి ఈ గడప తొక్కనని నువ్వు చెప్పి వెళ్లావు. చేస్తున్నారా, మానుకున్నారా, ఒక్క మాట రాయండి అన్నావు. ఆ ఒక్క మాట రాయడానికే కూర్చున్నాను మేరమ్మా. అయితే రంగత్‌లో జరిగింది చెప్పకుండా అది రాయలేను.

మా సమితి పద్ధతి నీకు తెలిసిందే. సభ్యుడన్నవాడు ఏడాదికి ఒకసారి ఏదో ఒక ఊరు వెళ్లి, నాలుగు రోజులుండి, తనకు వచ్చిన విద్య అక్కడి పిల్లలకు నేర్పాలి. తప్పెటగుళ్లు వచ్చినవాడు అవి, బొమ్మలు వచ్చినవాడు బొమ్మలు. కులం, మతం అడగరు. నాకు వచ్చినది వాక్యం ఒక్కటే. మా అధ్యక్షురాలు కనకలక్ష్మి గారు, అదే, ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఆవిడ, అందరి ముందూ షరతు పెట్టింది. “యిర్మియా భయ్యా, బైబిలు నాటకం వెయ్యండి, మాకూ ఇష్టమే. ప్రసంగం మాత్రం నహీ. పిల్లలు ఆడుకోడానికి వస్తారు, మారుమనసుకి కాదు.” ఒప్పుకున్నాను. ఈ ఏడు మాకు పడిన ఊరు రంగత్. లాజరును సమాధిలోంచి లేపే ఘట్టం ఎంచుకున్నాం. నేను ప్రభువు మాటలు చదువుతాను. గరాచర్మ బళ్లో టీచరు లవీనాది లాజరు తోబుట్టువు మార్త వేషం. లాజరు మన లక్ష్ముడు.

మూడు రోజులు బాగానే గడిచాయి. స్కూలు హాల్లో పిల్లలచేత పాటలు పాడించాం, సమాధి కట్టించాం. వెదుళ్లు పాతి, నీలం టార్పాలిన్ కప్పి, పైన గోనెలు కుట్టి మట్టి రంగు పూశారు. వెనక భాగం గోడకు ఆనించాం. తాళ్లు నా చేత్తోనే బిగించాను. లోపలికి పోవాలన్నా బయటికి రావాలన్నా ముందున్న ద్వారం ఒక్కటే, అది ప్రేక్షకుల ఎదుటే ఉంది. ఇది బాగా గుర్తుపెట్టుకో.

లక్ష్ముడు బోర్డు పనులుండి నాలుగో రోజు పొద్దున పోర్ట్‌బ్లెయిర్‌లో బస్సెక్కాడు. జిర్కాటాంగ్ దగ్గర బళ్లన్నిటినీ జట్టుగా చేర్చి వేళ ప్రకారం అడవిలోకి వదులుతారు కదా, ఆ వేళ తప్పింది. మూడు గంటలకు నాటకం, వాడు రాలేదు, ఫోను తగల్లేదు. హాలు నిండిపోయింది. రేకుల మీద వాన. కనకలక్ష్మి గారు నన్ను పక్కకు పిలిచి, సమాధి ఖాళీగానే ఉండనియ్యండి, మీరు పిలవగానే తెర దించేద్దాం, మిగతాది పిల్లలే ఊహించుకుంటారు అంది. సరేనన్నాను. ప్రేతవస్త్రాలకని తెచ్చిన తెల్లచీర రేకు పెట్టెలోనే ఉంది, తాళంచెవి నా జేబులో ఉంది.

నాటకం మొదలైంది. లవీనా ఏడ్చింది, పిల్లలు రాయి దొర్లించారు. నేను లాజరును పిలవాలి. ఒకసారి పిలిచాను. తెర లాగే మనిషి తాడు చిక్కుపడి తంటాలు పడుతున్నాడు, తెర దిగలేదు. ఇంకోసారి పిలిచాను. అప్పుడు నాలో అగ్ని లేచింది. షరతు మరిచిపోయాను. ఒకనాడు సముద్రం తనలో ఉన్న మృతులను అప్పగించి తీరుతుందని అరిచాను. రేకుల మీద వాన వినబడనంతగా అరిచాను. మూడోసారి పిలిచాను.

ఒక మనిషి బయటికి వచ్చాడు.

తల మీద, ముఖం మీద తడిసి అతుక్కున్న గుడ్డ. భుజాల నుంచి మడమల దాకా చుట్టి ఉన్నది చీర కాదు మేరమ్మా, వల. పచ్చ నైలాను వల. నీళ్లు కారుతున్నాయి. రంగత్ బజారు నుంచి సముద్రం ఎంత దూరమో నీకు తెలుసు, అయినా హాలంతా మన ఒడ్డు వాసనే. పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక వరసల వాళ్లు ఈలలు కూడా వేశారు. అతను ద్వారం ముందు నిలబడ్డాడు. ఎడమ కాలి మీద బరువు మోపి, కుడి భుజం కొంచెం జార్చి నిలబడ్డాడు. నేను తిట్టేటప్పుడు అలా నిలబడి నేల చూసేది ఎవరో నీకు చెప్పక్కర్లేదు.

లవీనా పాత్ర ప్రకారం దగ్గరికి వెళ్లి కట్టు పట్టుకుంది. ప్రభువు నోట ఒక్క మాట మిగిలి ఉంది. అతని కట్లు విప్పి పోనియ్యుడి. ఆ మాట నేను పలికితే ఆమె విప్పాలి. నా వైపు చూసింది. “విప్పనా అంకుల్?” అని మెల్లగా అడిగింది. నా నోరు తెరుచుకోలేదు. చప్పట్లు ఆగిపోయాయి. ముందు వరసలో ఒక పాప లేచి నిలబడి అంది, “దీదీ, ఆయన ఊపిరి తియ్యట్లేదు.”

అతను నా వైపు ముఖం తిప్పాడు. తరవాత మెల్లగా వెనక్కి తిరిగి, సమాధిలోకి వంగి వెళ్లిపోయాడు. అప్పుడు తెర దిగింది.

నేను పరుగున వెళ్లి చూశాను. లోపల ఎవరూ లేరు. తాళ్లు నేను కట్టినట్టే ఉన్నాయి. సిమెంటు నేల మాత్రం తడిగా ఉంది. ఆరు గంటలకు లక్ష్ముడు సంచి భుజానేసుకుని దిగాడు. “ఏటి బాబాయ్, నాటకం అయిపోనాదా? నాను నేకుండా ఎవుడేసినాడు?” అని నవ్వాడు. రంగత్ మనిషినెవరినో నేనే సర్దానని కనకలక్ష్మి గారు అనుకుంది. చాలా బాగా కుదిరిందనీ, ప్రసంగం చేసినందుకు మాత్రం జవాబు చెప్పుకోవాలనీ అంది. లవీనా తిరుగు బస్సులో దారంతా కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. జిర్కాటాంగ్ దాటాక అంది, “అంకుల్, ఆ ముడులు నా చేతికి దొరకలేదు. చాలా చలిగా ఉన్నాడు.”

ఇప్పుడు దాచినది చెబుతాను. మూడోసారి నేను లాజరు పేరు పిలవలేదు. స్టీవెన్ అని పిలిచాను. వాన హోరులో, నా అరుపులో ఎవరూ పట్టుకోలేదు. నా చెవులు విన్నాయి, వాడు విన్నాడు.

దీనికన్నా లోతున ఇంకొకటి ఉంది. వాడు ఆ రోజు తన ఇష్టంతో వేటకు వెళ్లాడని నీకు చెప్పాను. అబద్ధం. స్టీవెన్ అప్పటికే సమితి సభ్యుడు. ఆ పొద్దున వాడు ఎక్కవలసింది రంగత్ బస్సు. నాలుగు రోజులు పిల్లలకు ఢోలక్ నేర్పడానికి బట్టలు సర్దుకున్నాడు. నువ్వు నీళ్లకు వెళ్లావు. దేవుని మందిరంలో వాయించిన చెయ్యి ఆటలవాళ్ల మధ్య వాయిస్తే విరిచేస్తానన్నాను. ఢోలక్ లాక్కుని అటక మీద పడేశాను. మగాడివైతే డోంగీ ఎక్కి నాలుగు చేపలు పట్టుకురా అన్నాను. వాడు అలాగే నిలబడి నేల చూశాడు. “సరే నాన్నా” అన్నాడు. అంతే.

నేను కార్యదర్శిని అయింది అందుకే. వాడు ఇవ్వవలసిన నాలుగు రోజులు నేను ఇద్దామనుకున్నాను, అంతకు మించి ఏమీ లేదు. వాడి పేరు సమితి జాబితాలోంచి తీసెయ్యమని నేను అడగలేదు, వాడు పోయాడంటే నువ్వు ఒప్పుకోలేదు. బిడ్డ పోయాక దావీదు లేచి, స్నానం చేసి, భోజనం చేసి, నేనే వాడి దగ్గరికి పోతాను గాని వాడు నా దగ్గరికి రాడని అన్నాడు. ఆ వచనం మీద నేను ఎన్నిసార్లు ప్రసంగించానో నువ్వే లెక్క చెప్పగలవు. ఒక్కసారీ నమ్మలేదు. చచ్చినవాళ్లను పిలిపించిన సౌలు రాజును పల్పిట్ మీద నిలబెట్టి ఉతికేశాను. ఇప్పుడు ఆ వరసలో నేను ఉన్నాను.

వాడు లేడు మేరమ్మా. ఏ ఓడవాళ్లో ఎక్కించుకుని దూరదేశం తీసుకుపోలేదు. నేను చూశాను. కానీ పోయినవాడు పోలేక ఉన్నాడు. ఆ ముడుల్లో కొన్ని నావి, కొన్ని నీవి.

రంగత్‌లో బాగా ఆడిందని ఆగస్టు పదిన ఇక్కడే, జంగ్లీఘాట్ హాల్లో, మళ్లీ వెయ్యాలని సభ్యులంతా తీర్మానించారు. నేను వద్దన్నాను, ఎందుకో చెప్పలేకపోయాను. ఇవాళ ఆరాధన కాగానే సమాధి నిలబెట్టాం. ఎండ కాస్తోంది, టార్పాలిన్ లోపలి వైపు మాత్రం చెమర్చింది. పడుకుని చూడమని లక్ష్ముణ్ణి పంపాను. ఇద్దరు పట్టే చోటది. వాడు మోకాళ్ల మీద లోపలికి పోయి వెంటనే వెనక్కి వచ్చేశాడు. “లోపల చోటు నేదు బాబాయ్” అన్నాడు. జోకు వెయ్యలేదు. చెప్పులు తొడుక్కుని ఇంటికెళ్లిపోయాడు.

కూడిక చేస్తున్నానా అని అడిగావు. చెయ్యాలి. నువ్వు లేకుండా మాత్రం నా వల్ల కాదు. ఇంట్లో ఒక్కణ్ణీ కూర్చుని ఆ ఆఖరి మాట పలకడం అలవాటు చేసుకుంటున్నాను. విప్పండి అనేదాకా వస్తోంది, పోనియ్యండి అనే దగ్గర నోరు పడిపోతోంది. నువ్వు కన్నతల్లివి. ఆగస్టు మొదటి వారంలో విశాఖ నుంచి ఓడ ఉంది, టికెట్టుకు మీ అక్క కొడుకుతో మాట్లాడాను. వచ్చి నా పక్కన నిలబడు. నన్ను తిట్టాలంటే అందరి ముందూ తిట్టు, ఆ తరవాత ఆ మాట ఇద్దరం కలిసి అందాం.

నువ్వు రాకపోతే పదో తారీఖు నాటకంలో నా నోట లాజరు పేరు రాదు. నన్ను నేను ఎరుగుదును. మళ్లీ వాణ్ణే పిలుస్తాను. వాడు నా మాట ఎన్నడూ కాదనలేదు మేరమ్మా, వస్తాడు.

ఇట్లు,
స్టీవెన్ నాన్న,
యిర్మియా