ఈసారి నీ పేరు మీదే వస్తుంది

టామ్సిన్,

మాంసం కూరిన పేస్టీ ఓవెన్‌లో ఉంది, వేడి చేసుకుని తిను. వచ్చే వారం నీకు మందుల దుకాణం తరఫున ఒక ఉత్తరం వస్తుంది. అక్కడ లిప్‌స్టిక్కులు దొంగిలించి దొరికినందుకు దుకాణం కాపలాకైన ఖర్చులు కట్టమంటారు. అది కోర్టు జరిమానా కాదు, భయపడి కట్టెయ్యకు. వాళ్లకు ఫోను అసలే చెయ్యకు. నువ్వు ఫోనులో ఏడుస్తావు, ఏడిస్తే అన్నీ ఒప్పుకుంటావు. ఉచిత న్యాయ సలహా కేంద్రంలో ఆవిడ నాతో, "రెండు ముక్కలు రాసి పంపమ్మా, చాలు" అంది.

నేను రాసి పంపాను. దొరికిన రోజు నువ్వు నా పేరు చెప్పావు కనుక మొదటి ఉత్తరం నాకొచ్చింది. అమ్మ విప్పి చదివింది. నువ్వు పక్కనే కూర్చుని, "అక్క ఇలాంటిదనుకోలేదమ్మా" అన్నావు. అమ్మ సిగ్గుతో తానే బడికి వెళ్లి హెడ్‌మిస్ట్రెస్‌కు చెప్పేసింది. అక్కడ నాకిస్తామన్న ఉద్యోగం పోయింది. అందుకే దొంగ నేను కాదు, మా చెల్లెలని రాశాను. నీ పుట్టిన తేదీ, నువ్వు కొత్తగా పనిలో చేరిన నగల కొట్టు చిరునామా కూడా ఇచ్చాను.

మొర్వెన్నా

అమ్మకు ఇంకా నిజం తెలియదు. ఆమెకు నువ్వంటేనే ఎక్కువ ఇష్టం, నా మాట నమ్మదు, అందుకే నేను చెప్పలేదు. రాత్రి భోజనాల దగ్గర నువ్వే చెప్పు. ఆమె ముఖం ఎలా మారుతుందో నేను చూడాలి.